చలికి సాక్ష్యం

నిధి కోసం ఎదురు చూసిన మా గుట్టకి ఇత్తడి ఫలకం వచ్చిందని చెప్పి పోయిన వారం ఆపాను. ఆ ఫలకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు తక్ ఒక్‌బున్. హాక్‌జె గుట్టకి పదకొండేళ్ళుగా వాడపెద్దని. గుట్ట మీద నలభై ఒక్క ఇళ్ళు. అన్నీ ఒంటి ఇటుక గోడలవే, అన్నీ బొగ్గు బిళ్ళల మీద శీతాకాలం గట్టెక్కేవే. పెరట్లో పొయ్యిలో బిళ్ళ రగిలితే నీళ్ళు కాగి, గది నేల కింద గొట్టాల్లో తిరిగి గదిని వెచ్చబరుస్తాయి. వెచ్చబరుస్తాయన్నది మాటవరసకే. వచ్చిన వేడి వచ్చినట్టే గోడల్లోంచి, కిటికీ సందుల్లోంచి పోతుంది. ఇలాంటి ఇళ్ళ గోడలకి లోపల మందంగా పొర వేసి, రెండద్దాల కిటికీలు పెట్టి, బొగ్గు పొయ్యి తీసేసి కరెంటు మీద నడిచే కొత్త యంత్రం బిగించమని రాజధాని నుంచి మా నగరానికి నిధి వచ్చింది. ఏ వాడకివ్వాలో తేల్చడానికి జనవరిలో నగర ఆఫీసువాళ్ళు ఇల్లిల్లూ తిరిగి కొలిచి వెళ్ళారు. ఫిబ్రవరిలో వచ్చిన జాబితాలో స్టేషన్ రోడ్డు అపార్ట్‌మెంట్లున్నాయి, మేం లేం. మాకు మాత్రం ‘వేడిని మేలుగా పొదుపు చేసే వాడ’ అని చెక్కిన ఫలకం పంపించారు.

నేను అభ్యంతరం రాసిచ్చాను. గురువారం మధ్యాహ్నం రెండింటికి విచారణ అన్నారు. బుధవారం వార్డు ఆఫీసులో మా ఫైలు తెరిపించి చూస్తే మొట్టమొదటి ఇల్లు సుల్లె అవ్వది. ఆ ఇంటి ఎదురుగా ఇరవై నాలుగు డిగ్రీలని రాసి ఉంది. జనవరి నెలలో, సుల్లె అవ్వ ఇంట్లో. అక్కడే పోయిన వారం నా గుండె ఆగినంత పనయింది, కథ కూడా అక్కడే ఆగింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి అవ్వ గుమ్మంలో చెప్పులు విప్పాను. నేల మీద కాలు పెడితే అరికాలు జివ్వుమంది. అవ్వ రెండు కోట్లు తొడుక్కుని, పోయిన మొగుడి ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని, దుప్పటి కింద కాళ్ళు ముడుచుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కిటికీకి బుడగల ప్లాస్టిక్ కాగితం నాలుగు పొరలు అంటించి ఉంది. తలుపు సందులో పాత బొంత చుట్టి కుక్కి ఉంది. కిటికీ గట్టు మీది గిన్నెలో నీళ్ళు పైన పలచగా గడ్డ కట్టాయి. ఇరవై నాలుగు డిగ్రీలట.

కూచోకుండానే అడిగాను. ఆఫీసువాళ్ళు వచ్చిన రోజు ఈ గది ఎట్లా వెచ్చబడిందని. అవ్వ ఎనభై నాలుగేళ్ళ మనిషి. అబద్ధం చెప్పాలనుకుంటే నా మొహం చూసి చెబుతుంది, నిజం దాచాలనుకుంటే గోడ వైపు చూస్తుంది. గోడ వైపు చూసింది.

“ఇంటికొచ్చిన మనుషుల్ని చల్లటి నేల మీద కూచోబెట్టమంటావా?” అంది చివరికి.

మెల్లిగా ఒక్కో ముక్కా రాబట్టాను. మామూలు రోజుల్లో అవ్వ పొద్దున ఒక బిళ్ళ, రాత్రికి ఒక బిళ్ళ పెడుతుంది, అదీ గాలి రంధ్రం సగం మూసి. ఆ రోజు తెల్లవారుజాము నుంచి ఎనిమిది బిళ్ళలు కాల్చింది. కిటికీకున్న ప్లాస్టిక్ చూడ్డానికి లేకిగా ఉంటుందని పీకేసింది. బొంత పెట్టెలో దాచింది. వచ్చినవాళ్ళలో పెద్దాయన్ని నేల వెచ్చటి కొసన, పరుపు మడతేసి మరీ కూచోబెట్టింది. గొట్టం పొయ్యి నుంచి గదిలోకి వచ్చే ఆ కొస ఎప్పుడూ అతిథిదే. మా దగ్గర పసిపిల్లకి కూడా తెలిసిన మర్యాద అది. ఆయన తన పక్కనే ఉష్ణోగ్రత కొలిచే పరికరం పెట్టుకున్నాడు. అవ్వ తీపి అన్నం పానకం ఇచ్చింది. ఆయనకి చెమట పట్టి కోటు విప్పాడు. ఫారం చూసి, ఇంట్లో చలిగా ఉంటుందా అమ్మా అని అడిగాడు. అబ్బే, హాయిగా ఉంటుంది బాబూ అని అవ్వ చెప్పింది. ఆయన హాయి అన్న గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం బాగా తెలిసింది. ఇంత వయసొచ్చింది, నిధి ఎందుకొస్తుందో ఆ మాత్రం ఆలోచన లేదా, ఎవరు చెప్పారు నీకు ఇట్లాంటి వేషాలు వెయ్యమని అని గట్టిగానే అరిచాను.

అవ్వ చిక్కుడుకాయ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. ఈసారి సూటిగా నా మొహంలోకే చూసింది.

“నువ్వే చెప్పావు కదే ఒక్‌బున్. మైకులో.”

చెప్పాను. నిజమే, నేనే చెప్పాను. జనవరి పదిహేడున సాయంత్రం ముసలివాళ్ళ సావడిలో మైకు పట్టుకుని, రేపు నగరం నుంచి పెద్దమనుషులు వస్తున్నారు, ఇళ్ళు నీటుగా పెట్టుకోండి, గుట్ట పరువు కాపాడండి అని రెండుసార్లు చెప్పాను. చెప్పి, చాలా పెద్ద పని చేసినట్టు ఇంటికెళ్ళి పడుకున్నాను. మరునాడు మా ఇంట్లో నేనూ ఆరు బిళ్ళలు కాల్చాను. ఆ సంగతి ఆ క్షణం దాకా నాకు గుర్తే రాలేదు, చూడండి. అలవాటు అంటే అదీ.

తల కొట్టేసినట్టయింది. నలభై ఒక్క ఇళ్ళూ నా మాట విన్నాయి. పదకొండేళ్ళలో నేను చెప్పిన ఏ మాటా ఎవరూ ఇంత బాగా విన్న పాపాన పోలేదు. చెత్త వేరు చెయ్యండ్రా అంటే వినరు, మెట్ల మీద మంచు ఊడవండి అంటే వినరు. ఇది మాత్రం ఒక్కరూ తప్పకుండా విన్నారు.

సరే, తప్పు ఎవరిదైనా దిద్దుకోవాలిగా. అవ్వని బతిమాలాను. మధ్యాహ్నం నాతో రా, ఆ రోజు ఇల్లు మామూలుగా లేదని ఒక్క సంతకం పెట్టు, ఫైల్లో నీది మొదటి ఇల్లు కాబట్టి నీ మాటకి బరువుంటుంది అన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అంది. మొదట అబద్ధం చెప్పానని ఒప్పుకోవడానికి సిగ్గేమో అనుకున్నాను. అది కాదు.

“పక్కింటి యోన్‌సిమ్‌ని ఏం చేశారో చూశావుగా,” అంది. “చల్లటి ఇంట్లో ఒంటరి ముసలిది అని ఎవరో కాగితం మీద రాశారు. మంచి మాటలు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మంచానికి కంచె కట్టారు. నాలుగు నెలలు కూడా బతకలేదు. నా ఇల్లు చలి అని నేనే సంతకం పెట్టి ఇమ్మంటావా?”

అవ్వ గురించి మీకు ఒక సంగతి చెప్పాలి. నేను పదహారేళ్ళ పిల్లగా బూట్ల ఫ్యాక్టరీలో చేరినప్పుడు మా పని వరసకి పెద్ద ఆమే. అద్దె గదిలో ఏడుగురం పడుకునేవాళ్ళం. ఆ శీతాకాలం నాకు జ్వరం తగిలితే తన వెచ్చటి కొస నాకిచ్చి, తలుపు పక్కన గాలి కొట్టేచోట ఆమె పడుకుంది. నాకు తగ్గాక కూడా తిరిగి తీసుకోలేదు. మూడు నెలలు అక్కడే పడుకుంది. అలాంటి మనిషిని, సంతకం పెట్టకపోతే గుట్ట మునిగిపోతుంది అని ఎట్లా బెదిరిస్తాను? నీ ఇష్టం అవ్వా అని లేచి వచ్చేశాను.

దిగుతూ బొగ్గు కొట్టు దగ్గర ఆగాను. దొక్‌చిల్ అన్న ముప్ఫయ్యేళ్ళుగా వీపు మీద మోపు కట్టుకుని నూట ఎనభై మెట్లెక్కి మా అందరికీ బిళ్ళలు చేరవేస్తున్నాడు. ఎడమ కాలు ఈడుస్తాడు, అయినా నాకంటే ముందే పైకి చేరతాడు. జనవరి పదిహేడు రాత్రి, పద్దెనిమిది పొద్దున కలిపి ఎన్ని బిళ్ళలు మోశావని అడిగాను. మూడొందలు దాటాయని, నడుం విరిగిందని, గుట్ట మీద పెళ్ళేమో, నన్ను పిలవలేదేమో అనుకున్నానని అన్నాడు. నాలుగు రోజుల బొగ్గు ఒక్క రోజులో కాలింది. అంతకంటే రుజువేం కావాలి?

అదే ముక్క ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమన్నాను. దొక్‌చిల్ అన్న చేతికున్న మసి తుడుచుకుంటూ నవ్వాడు.

“నిధి వస్తే బొగ్గు పొయ్యిలన్నీ పీకేస్తారు. నా పొట్ట నేనే కొట్టుకుంటూ సంతకం కూడా పెట్టాలా ఒక్‌బున్? మంచి బేరమే తెచ్చావు.”

నవ్వుతూనే అన్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

రెండింటికి నగర ఆఫీసు మూడో అంతస్తులో ఒంటరిగా కూచున్నాను. బల్లకి అవతల ముగ్గురున్నారు. మధ్యలో ఉన్నాయనే నమ్‌గుంగ్ గారు, నిధి పని చూసే అధికారి. అవ్వ ఇంట్లో కోటు విప్పింది ఈయనే. యాభై లోపు వయసు, కళ్ళద్దాలు, మాట మెత్తన. చెడ్డమనిషై ఉంటే నా పని తేలికయ్యేది. ఆయన చెడ్డమనిషి కాడు, లెక్క తప్పని మనిషి. అలాంటివాళ్ళతోనే కష్టం.

ఆయన తన వాదన ఓపిగ్గా చెప్పాడు. నిధి ప్రజల సొమ్ము, ఎక్కడ ఎక్కువ వేడి వృథా అవుతోందో అక్కడికే వెళ్ళాలి. మా గుట్ట మీద బొగ్గు వాడకం నగరంలో అందరికంటే తక్కువ. అయినా ఇళ్ళన్నీ ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీల్లో ఉన్నాయి. అంటే మా గోడలు నగరంలోకెల్లా గట్టి గోడలని కంప్యూటర్ తేల్చింది. పైగా నలభై ఒక్క ఇళ్ళలో నలభై ఒక్కరూ చలి లేదని చెప్పారు. ఇక స్టేషన్ రోడ్డు అపార్ట్‌మెంట్లలోనైతే వాడకం ఎక్కువ, అక్కడ ఖర్చు పెడితే ఆదా కూడా ఎక్కువ కనిపిస్తుంది.

“రోజుకి రెండు బిళ్ళలతో ఇరవై నాలుగు డిగ్రీలు వస్తే మీకు ఆశ్చర్యం వెయ్యలేదా సార్?” అని అడిగాను.

“వేసింది,” అన్నాడు. “ఆశ్చర్యం రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.”

వేళాకోళం కాదు. నిజంగానే అన్నాడు. నాకు కోపం వచ్చి, వచ్చినట్టే దిగింది. అప్పుడు మైకు సంగతి చెప్పేశాను. నేనేం అన్నానో అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. బిళ్ళల సంగతి, పీకేసిన ప్లాస్టిక్ సంగతి, దాచిన బొంతల సంగతి అన్నీ చెప్పాను. మా దగ్గర తక్కువ కాలుస్తారంటే ఆదా చేస్తున్నారని కాదు సార్, లేక కాల్చడం లేదు, పస్తున్నవాణ్ణి చూసి మితాహారి అని మెడల్ వేసినట్టుంది మీ ఫలకం అన్నాను. సంచిలోంచి ఆ ఫలకం తీసి బల్ల మీద పెట్టాను. మూడున్నర కిలోలుంటుంది, మెట్లు దిగి మోసుకొచ్చాను. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

“ఆ రోజు మీరు కోటు విప్పారా లేదా సార్?” అన్నాను.

పక్కనున్న ఇద్దరూ నమ్‌గుంగ్ గారి వైపు చూశారు.

“విప్పాను,” అన్నాడు. “జనవరిలో గుట్ట మీద చెమట పట్టింది. అప్పుడే అనుమానించాల్సింది.”

అయినా రూలు రూలే. వాడపెద్ద మాట మీద కొలత మారదు. బయట సున్నా కంటే తక్కువ ఉన్నప్పుడే కొలవాలి. రేపు పొద్దున మైనస్ ఎనిమిదట, ఎల్లుండి నుంచి మంచు కరుగుతుందట, సోమవారం జాబితా ఖాయమైపోతుంది. కాబట్టి రేపు ఆరున్నరకి ఒక్క ఇల్లు, ఫైల్లో మొదటి ఇల్లు, తిరిగి కొలుస్తారు. పది డిగ్రీలకి మించి తేడా వస్తే గుట్ట మొత్తం ఫైలు మళ్ళీ తెరుస్తారు. కానీ ముందు చెప్పింది తప్పని ఆ ఇంటి మనిషే స్వయంగా వచ్చి ఈ రోజు ఐదు లోపల రాసివ్వాలి.

మొదటి ఇల్లు. అంటే సుల్లె అవ్వ. ఆమె రాదని నాకు తెలుసు. గడియారం చూస్తే మూడు ముప్పావు. ఇల్లు మారుస్తారా అని అడిగాను, కుదరదన్నారు. నా ఇల్లు కొలవండి అన్నాను, అదీ కుదరదన్నారు. చెయ్యాల్సినవన్నీ చేశాను, ఇక ఐదయ్యేదాకా ఈ కుర్చీలోంచి లేవను, అదైనా నా చేతిలో ఉంది అనుకుని చేతులు కట్టుకుని కూచున్నాను.

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది. మొదట చేతికర్ర, తర్వాత ఉన్ని టోపీ. సుల్లె అవ్వ నూట ఎనభై మెట్లు ఒంటరిగా దిగి, రెండు బస్సులు మారి, మూడు అంతస్తులెక్కి వచ్చింది. లిఫ్ట్ ఉందని ఎవరూ చెప్పలేదట. నేను లేచి పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. నమ్‌గుంగ్ గారు లేచి తన కుర్చీ జరిపి ఇచ్చాడు. దాని పక్కనే వేడి గాలి పొయ్యి ఉంది. అవ్వ దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, కూచుంది.

“బాబూ, చలిగా ఉందా అని ఆ రోజు నన్ను అడిగావు,” అంది. “ఇంటికొచ్చినవాడికి మా ఇల్లు చలి అని ఎవరైనా చెబుతారా? మీ అమ్మ చెబుతుందా?”

“చెప్పదు,” అన్నాడాయన.

“అయితే ఇప్పుడు చెబుతాను. ఇప్పుడు నువ్వు నా ఇంట్లో లేవు, నేను నీ ఇంట్లో ఉన్నాను. నా ఇల్లు చలి. డిసెంబరు నుంచి మార్చి దాకా కోటుతోనే పడుకుంటాను. గిన్నెలో నీళ్ళు గడ్డ కడతాయి. ఈ పిల్ల చెప్పిందంతా నిజం.”

ఈ పిల్ల అంటే నేనే, యాభై తొమ్మిదేళ్ళదాన్ని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

కాగితం ముందు పెట్టారు. అవ్వ కలం పట్టుకుని ఆగింది. ఇంకో ముక్క కూడా రాయండి అంది. ఇల్లు బాగుచెయ్యాలి, మనిషిని తీసుకుపోకూడదు అని. సుల్లె తన ఇంట్లోనే ఉంటుంది అని. దానికి కూడా గడి లేదా అని అడిగింది. నమ్‌గుంగ్ గారు గడి లేదన్నాడు. తర్వాత తన కలం తీసి, కాగితం అంచున ఉన్న ఖాళీలో ఆ ముక్క రాసి, కింద తన సంతకం పెట్టాడు. అప్పుడు అవ్వ తన సంతకం పెట్టింది. ఐదింటికి ఇంకా పది నిమిషాలుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎందుకొచ్చావని అడిగాను. చిక్కుళ్ళు అయిపోయాయి, ఊసుపోలేదు అంది. కాసేపాగి, పదహారేళ్ళప్పుడు కూడా నువ్వు ఇంతే, నీ ఇష్టం అక్కా అని వెళ్ళి ఒంటరిగా ఏడ్చేదానివి అంది.

ఆ సాయంత్రం నేను మళ్ళీ మైకు పట్టుకున్నాను. ఈసారి వేరే మాట చెప్పాను. రేపు పొద్దున పెద్దమనుషులు వస్తున్నారు, ఎవరూ ఏమీ సర్దకండి, ప్లాస్టిక్ పీకకండి, బొంతలు దాచకండి, సుల్లె అవ్వ ఇల్లు ఎట్లా ఉందో అట్లాగే ఉండనివ్వండి అన్నాను. మూడుసార్లు చెప్పాను.

శుక్రవారం పొద్దున ఆరు దాటగానే బయల్దేరాను. రాత్రి సన్నగా మంచు పడి ఆగింది. ఊపిరి తీస్తే ముక్కు లోపల గుచ్చుకుంటోంది. ఇంత చలికి సంతోషపడింది నా జన్మలో అదే మొదటిసారి. నాలుగిళ్ళు దాటి మలుపు తిరిగాను, తిరిగి అక్కడే నిలబడిపోయాను.

సుల్లె అవ్వ కప్పు మీది గొట్టంలోంచి పొగ వస్తోంది. గాలి రంధ్రం సగం మూసిన పొయ్యి పొగ కాదు. నిండుగా, నిటారుగా లేస్తోంది.

పరిగెత్తాను. తలుపు తోసి లోపలికి అడుగు పెడితే నేల వెచ్చగా ఉంది. అవ్వ రెండు కోట్లలో నిలబడి, చేతికర్ర పట్టుకుని, కిందికి చూస్తోంది.

“నేను వెలిగించలేదే,” అంది. “రాత్రి బిళ్ళ కూడా పెట్టలేదు. లేచేసరికి కాళ్ళ కింద వెచ్చగా ఉంది.”

ఆమె నా మొహంలోకి చూసింది, గోడ వైపు చూడలేదు. కానీ అబద్ధం చెప్పేటప్పుడు కూడా నా మొహంలోకే చూస్తుందని మీకు చెప్పానుగా. అందుకని పెరట్లోకి వెళ్ళాను. పొయ్యి మూత తీస్తే మూడు కొత్త బిళ్ళలు, రంధ్రాలన్నిట్లో నీలంగా మంట. గాలి రంధ్రం పూర్తిగా తెరిచి ఉంది. కొత్త మంచు మీద గేటు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి మళ్ళీ గేటు దాకా అడుగులున్నాయి. కుడి పాదం శుభ్రంగా పడింది. ఎడమ పాదం ఈడ్చిన గీత ఉంది.

దొక్‌చిల్ అన్న. నిధి రాకుండా చేద్దామని వెలిగించాడా? లేక ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్న ముసలమ్మ, అందరి ముందూ తన చలి ఒప్పుకుని వచ్చిన ముసలమ్మ, ఈ పొద్దున అతిథి ముందు చల్లటి నేల మీద నిలబడకూడదని వెలిగించాడా? రెండూ నమ్మబుద్ధయ్యేవే. రెండింటికీ ఫలితం ఒకటే.

కింద మెట్ల దగ్గర కారు తలుపులు వేసిన చప్పుడు వినిపించింది. పటకారు తీసుకుని మొదటి బిళ్ళని సగం పైకి లాగాను. మంచులో పారేసి పైన ఇంకాస్త మంచు కప్పితే పొగ ఆగుతుంది. తలుపులు కిటికీలు తెరిస్తే గది కొంచెమైనా చల్లబడుతుంది. అడుగులు చీపురుతో ఊడ్చెయ్యొచ్చు. నూట ఎనభై మెట్లెక్కి ఆయన పైకి చేరడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. చేతులు గబగబా కదులుతున్నాయి.

“ఒక్‌బున్,” అంది అవ్వ గుమ్మంలోంచి. “మళ్ళీ సర్దుతున్నావు.”

పటకారు ఆగిపోయింది. సర్దుతున్నాను. జనవరిలో చలిని దాచాం, ఫలకం వచ్చింది. ఇప్పుడు నిప్పు దాచబోతున్నాను. నిన్న అవ్వ అంత దూరం వచ్చి సంతకం పెట్టింది ఇందుకోసం కాదు. బిళ్ళని తిరిగి పొయ్యిలో పెట్టేశాను. మూత పక్కన పెట్టి, పొయ్యి తెరిచే ఉంచాను.

నమ్‌గుంగ్ గారు రొప్పుతూ గేటు దాకా వచ్చాడు. కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. తుడుచుకుని, పైన పొగని చూశాడు, తెరిచి ఉన్న పొయ్యిని చూశాడు, నన్ను చూశాడు. ఆయన మొహంలో నమ్మకం పోవడం నాకు కనిపించింది.

“తక్ గారూ, పొయ్యి వెలుగుతోంది,” అన్నాడు.

“వెలుగుతోందండీ. అవ్వ వెలిగించలేదు, నేనూ వెలిగించలేదు. ఈసారి మీ దగ్గర ఏదీ దాచం. ముందు ఈ అడుగులు చూడండి, తర్వాత మీ పరికరం తియ్యండి.”

ఆయన వంగి మంచు మీద గీతని చూశాడు. దాని వెంట గేటు దాకా నడిచాడు. అక్కడ నిలబడి కిందికి చూశాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

మెట్ల మీద దొక్‌చిల్ అన్న ఎడమ కాలు ఈడ్చుకుంటూ పైకి వస్తున్నాడు. మమ్మల్ని చూశాడు, అయినా వెనక్కి తిరగలేదు. వీపు మీది మోపులో ఇంకో నాలుగు బిళ్ళలున్నాయి.